బిడ్డ ఎప్పటి నుంచి మనిషి? 22 వారాల గర్భం పోయిన తరువాత ఒక ప్రశ్న

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం మా ఇంట్లో 22 వారాల గర్భం పోయింది. నొప్పులు పెద్దగా లేకుండానే గర్భసంచి మూతి తెరుచుకుందని వైద్యులు చెప్పారు. మగబిడ్డ, తూకం అర కిలోకు కాస్త తక్కువ, ఊపిరి తీసుకోలేదు. ఎవరి తప్పూ వెతకడానికి నేను ఇది రాయడం లేదు. ఆ రోజు విన్న మాటలు ఒకదానితో ఒకటి పొసగక, మూడు వారాలుగా నిద్ర పట్టక రాస్తున్నాను.

ఆసుపత్రిలో ఒక ఉద్యోగిని, "మీరు తీసుకెళ్తారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని, ఏదో సామాను గురించి అడిగినట్టు అడిగింది. నమోదు సంగతి కనుక్కుంటే, 28 వారాలు నిండనిది పుట్టుకలోనూ చావులోనూ లెక్కకు రాదన్నారు. మా మామగారు, "పురుడూ లేదు, మైలా లేదు, స్నానం చేసి వచ్చేయండి" అన్నారు. నా భార్య మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు వరకు "వాడు" అనే అంటోంది. ఐదో నెలలో మొదటిసారి కదలిక తెలిసినప్పుడు మా నాలుగేళ్ల పాప చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టించింది. ఆ పాప ఇప్పుడు తమ్ముడేడని అడుగుతోంది.

గర్భంలో ఉన్నది ఎప్పటి నుంచి మనిషి? శాస్త్రం, చట్టం, ధర్మం తెలిసినవారు ఎవరికి తెలిసింది వారు చెప్పండి. ఓదార్పు కోసం అబద్ధం మాత్రం చెప్పవద్దని మనవి.

జీవశాస్త్రం మాస్టారు (ఆమదాలవలస)

బాబూ, మీరు అబద్ధం వద్దన్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. "ప్రాణం ఎప్పుడు మొదలవుతుంది?" అని ఇంటర్ పిల్లలు ఏటా అడుగుతారు, ఏటా నేను ఒకే మాట చెబుతాను: అండమూ సజీవమే, వీర్యకణమూ సజీవమే, కాబట్టి ప్రాణం అక్కడ కొత్తగా పుట్టదు, కొనసాగుతుంది. అడగవలసిన ప్రశ్న, ఒక ప్రత్యేకమైన మనిషి ఎప్పుడు మొదలవుతాడన్నది.

చాలామంది ఫలదీకరణ క్షణం అంటారు. అది క్షణం కానే కాదు. వీర్యకణం అండంలో చేరిన దగ్గర నుంచి రెండు వైపుల క్రోమోజోములు ఒక్కచోట కూడి మొదటి విభజనకు సిద్ధమయ్యే దాకా సుమారు ఒక రోజు పడుతుంది. ఆ తరువాత రెండు మూడు రోజుల పాటు ఆ పిండం తల్లి అండంలో ముందే నిల్వ ఉన్న సరుకుతోనే చాలావరకు నడుస్తుంది. తన సొంత జన్యువులు పనిలోకి దిగేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో. ఆరేడు రోజులకు గర్భాశయం గోడను పట్టుకోవడం మొదలుపెడుతుంది. అలా పట్టుకోలేక ఎవరికీ తెలియకుండానే పోయేవి చాలా ఉంటాయి, ఆ నెల బహిష్టు రెండు రోజులు ఆలస్యమైందని మాత్రమే ఆ తల్లికి తెలుస్తుంది.

నా దృష్టిలో అసలైన గీత సుమారు 14వ రోజు. అప్పటి దాకా ఒకే పిండం రెండుగా చీలి ఇద్దరు కవలలు కావచ్చు. ఇద్దరు కాగలిగిన దాన్ని "ఒక మనిషి" అని ఎలా అంటాము? ఆ రోజుల్లో పిండం మీద ఒక సన్నని గీత ఏర్పడుతుంది, తల ఎటో కాళ్లు ఎటో అక్కడ తేలుతుంది, ఆ తరువాత సాధారణంగా చీలిక ఉండదు. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ సంఘం ప్రయోగశాల పిండాలకు 14 రోజుల హద్దు పెట్టమన్నది కూడా ఈ గీతను చూసే.

మీ బిడ్డ విషయంలో ఈ గీత ఎప్పుడో దాటిపోయింది. 22 వారాల వాడు ఒక్కడే, ప్రత్యేకమైనవాడే. నా లెక్కలో మీ భార్య అన్న "వాడు" సరైన మాట.

జీడితోట (పలాస)

మాస్టారికి నమస్కారం. కవలల వాదన చాలాచోట్ల చదివాను, నాకెప్పుడూ నచ్చలేదు. మా పెరట్లో అరటి చెట్టు పక్కన పిలక వేస్తుంది. పిలక రాక మునుపు అక్కడున్నది ఒక అరటి చెట్టు కాదని ఎవరైనా అంటారా? ఒకటి రెండు కాగలదు అన్నంత మాత్రాన ముందు ఒకటి లేదని తేలదు, ఒకటి ఉందనే తేలుతుంది.

నేను క్రైస్తవుడిని. మా సంఘంలో గర్భం ధరించిన దగ్గర నుంచే మనిషి అని బోధిస్తారు. గర్భంలో రూపించకముందే నిన్ను ఎరుగుదునని దేవుడు ప్రవక్తతో అన్న మాట మాకు ఆధారం. అయితే దాచకుండా చెప్పాలంటే, పాశ్చాత్య క్రైస్తవంలోనే ఈ మాట ఎప్పుడూ ఒకేలా లేదు. మధ్యయుగంలో థామస్ అక్వినాస్ అరిస్టాటిల్‌ను అనుసరించి, మానవాత్మ గర్భంలో కొన్నాళ్లు గడిచాకే చేరుతుందని నమ్మాడు. ఆత్మ చేరిన గర్భం, చేరని గర్భం అన్న తేడాను శిక్షల విషయంలో రోమన్ కేథలిక్ సంఘం పూర్తిగా తీసేసింది 1869లో మాత్రమే. నా నమ్మకం ఇందువల్ల మారదు. ఎక్కడ గీత గీయాలో మనకు తెలియనప్పుడు గీత గీయకుండా ఉండడమే క్షేమమని నేను అనుకుంటాను.

నాగావళి గారూ, మీ కుటుంబం కోసం ప్రార్థిస్తున్నాను.

సందేహి (నరసన్నపేట)

గీత గీయకుండా ఉండడం క్షేమమన్నారు. ఎవరికి క్షేమం? 2012లో ఐర్లండులోని గాల్వేలో సవితా హలప్పనవర్ అనే దంతవైద్యురాలు, మన పక్క కర్ణాటక ఆడపడుచు, 17 వారాల గర్భంతో ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని వైద్యులకు తెలుసు. అయినా పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి గర్భం తీయడానికి చట్టం ఒప్పుకోదన్నారు. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకి ఆమె చనిపోయింది. అక్కడ 1983లో తల్లి ప్రాణహక్కుతో సమానంగా పుట్టబోయే బిడ్డకు హక్కు ఇస్తూ రాజ్యాంగంలో చేర్చిన వాక్యాన్ని 2018లో ప్రజలే ఓటు వేసి తీసేశారు. గీత గీయకపోవడం కూడా ఒక గీతే, అది తల్లి మీదుగా పోతుంది.

స్త్రీవైద్యురాలు (విజయనగరం)

ముందుగా నాగావళి గారికి: ఆ ఉద్యోగిని అడిగిన తీరు తప్పు. అడగవలసిన విషయమే, కానీ ఆ మాట కూర్చోబెట్టి అడగాలి.

ఇక్కడ రెండు లెక్కలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను. మేము గర్భం వారాలను ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కపెడతాము. ఫలదీకరణ దానికి సుమారు రెండు వారాల తరువాత జరుగుతుంది. కాబట్టి మాస్టారు చెప్పిన 14వ రోజు మా లెక్కలో నాలుగో వారం, అంటే సరిగ్గా నెల తప్పే రోజు. ఆరో వారం స్కాన్‌లో "గుండె కొట్టుకుంటోంది" అని చూపిస్తే భార్యాభర్తలిద్దరికీ కళ్లు చెమరుస్తాయి, నేనూ ప్రతిసారీ నవ్వుతూనే చూపిస్తాను. కానీ అప్పటికి పిండం వయసు నాలుగు వారాలే, అక్కడ ఉన్నది నాలుగు గదుల గుండెగా ఇంకా రూపుదిద్దుకోని ఒక గొట్టం. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఆ చప్పుడు దగ్గరే హద్దు పెట్టాయి. చాలామంది ఆడవాళ్లకు గర్భమని తెలిసేది ఆ వారంలోనే.

ఇంకొందరు బయట బతకగల దశను హద్దు అంటారు. ఊపిరితిత్తుల్లో గాలితిత్తులు ముడుచుకుపోకుండా ఉంచే జిగురు పదార్థం 24 వారాల ప్రాంతంలో తయారు కావడం మొదలవుతుంది, అందుకే ఆ సంఖ్య పదే పదే వినిపిస్తుంది. వైద్యురాలిగా నాకు ఆ హద్దు రోజూ అవసరం, కానీ మనిషి ఎప్పుడు మొదలవుతాడో చెప్పడానికి అది పనికిరాదు. 25 వారాల బిడ్డ విశాఖలో మంచి నవజాత శిశు విభాగం పక్కన పుడితే బతికే అవకాశం ఉంటుంది, అదే బిడ్డ సాలూరు పైన కొండ మీద పుడితే దాదాపు ఉండదు. ఘాట్ రోడ్డు పొడవును బట్టి ఒక బిడ్డ మనిషి అవునో కాదో తేలుతుందా?

మెదడు సంగతి వేరు. బయటి స్పర్శను మెదడు పైపొరకు చేర్చే నరాల దారులు సుమారు 24 వారాల తరువాతే కుదురుకుంటాయని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం, దాని మీద ఇంకా వాదనలున్నాయి. నాగావళి గారూ, మీ బిడ్డ నొప్పి పడ్డాడా అన్న ప్రశ్న మీ భార్య అడగకపోయినా మనసులో ఉండి ఉంటుంది. ఆ అభిప్రాయం ప్రకారం 22 వారాలకు మనం అనుకునే అర్థంలో నొప్పి తెలిసే ఏర్పాటు ఇంకా పూర్తికాదు. ఇది ఓదార్పు కోసం చెప్పింది కాదు.

సందేహి (నరసన్నపేట)

డాక్టరుగారూ, అలాగైతే మెదడునే హద్దు అనుకోవచ్చు కదా? 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు కాండం పనిచేయడం ఆగిపోతే గుండె కొట్టుకుంటున్నా మరణంగానే లెక్కిస్తుంది. ముగింపుకు మెదడును కొలతగా తీసుకున్నవాళ్లం ఆరంభానికి గుండెను ఎందుకు తీసుకోవాలి?

జీడితోట (పలాస)

మెదడు చచ్చినవాడు తిరిగి రాడు, కాబట్టే ఆ కొలత. కడుపులో ఉన్నవాడు వస్తున్నవాడు. వెళ్లిపోయినవాడినీ వస్తున్నవాడినీ ఒకే కొలతతో కొలవడం నాకు న్యాయంగా లేదు.

ధర్మశాస్త్ర పాఠకుడు (శ్రీకూర్మం)

నాగావళి గారూ, మీ మామగారు చెప్పింది శాస్త్రం కాదు, అలవాటు. వివరంగా రాస్తాను, ఓపికపట్టండి.

మనం ఇప్పుడు ఏ నెలలో గర్భం పోయినా గర్భస్రావం అనేస్తున్నాం. స్మృతులు ఇక్కడ మూడు మాటలు వాడాయి. నాలుగో నెల వరకు పోయినది స్రావం, అంటే కారిపోయినది. ఐదు, ఆరు నెలల్లో పోయినది పాతం, అంటే పడిపోయినది. ఆపైన ప్రసూతి, అంటే పురుడే. గర్భం ఎన్ని నెలలదో అన్ని రాత్రులు తల్లికి ఆశౌచం, అంటే మైల, అని మనుస్మృతి. పాతమైతే తండ్రికీ దాయాదులకూ మూడు రోజులని తరువాతి ధర్మశాస్త్ర సంకలనకర్తలు రాశారు. మీది ఆరో నెల, కాబట్టి అది పాతం. మీ భార్యకు ఆరు రోజులు, మీకు మూడు రోజులు మైల ఉంది. మైల అనగానే అంటరానితనం అని తీసిపారేసే రోజులివి, కానీ ఒక్క మాట ఆలోచించండి: ఏమీ జరగనిచోట మైల ఉండదు. ఆ పెద్దలు నెలకొక రాత్రి చొప్పున లెక్కగట్టడంలో, పోయినది ఎంత మేరకు మనిషి అయిందో అంత మేరకు దుఃఖానికి చోటిచ్చారని నాకు అనిపిస్తుంది.

జీవుడు ఎప్పుడు ప్రవేశిస్తాడన్న దానికి మన గ్రంథాలలోనూ ఏకాభిప్రాయం లేదు. శుక్రశోణితాలతో జీవుడు కూడి కుక్షిలో చేరితేనే గర్భం అనే పేరు వస్తుందని చరకుడు, అంటే మొదటి రోజే. గర్భోపనిషత్తు మాత్రం ఒక రాత్రికి కలలం, అంటే జిగట ద్రవం, ఏడు రాత్రులకు బుడగ, పక్షానికి పిండం, నెలకు గట్టిపడడం అని వరసగా చెప్పి, ఏడో నెలలో జీవుడితో కూడుతుందంటుంది. సుశ్రుతుడు నాలుగో నెలలో గుండె స్పష్టమై చేతన వ్యక్తమవుతుందని, అప్పుడు తల్లికి రెండు హృదయాలు కాబట్టి ఆమెను దౌహృదిని అంటారని రాశాడు. ఆమెకు కలిగే కోరికే దౌహృదం, వాడుకలో దోహదం. చింతకాయ కావాలని అడిగేది తల్లి నోరైనా, అడిగించేది లోపలి గుండె అని భావం. ఇవాళ వార్తాపత్రికలు "అభివృద్ధికి దోహదం" అని రాస్తుంటే ఆ మాట ఏ కడుపులోంచి వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు.

బాబామెట్ట వాసి (విజయనగరం)

అస్సలాము అలైకుమ్. మాలో కూడా నెలల లెక్క ఉంది కాబట్టి రాస్తున్నాను. నలభై రోజులు బొట్టుగా, నలభై రోజులు గడ్డగా, నలభై రోజులు మాంసపు ముద్దగా ఉన్న తరువాత దేవదూత వచ్చి ఆత్మను ఊదుతాడని హదీసు. అందువల్ల 120 రోజులు చాలామంది పండితులకు పెద్ద హద్దు. దానికి ముందు కారణముంటే గర్భం తీయించుకోవచ్చా అన్న దానిలో మజ్‌హబులు, అంటే మా ధర్మశాస్త్ర సంప్రదాయాలు, వేరువేరుగా చెబుతాయి. 120 రోజులు దాటి పోయిన బిడ్డకు స్నానం చేయించి, బట్ట చుట్టి, పేరు పెట్టి ఖననం చేయమని మా పెద్దలు చెబుతారు. జనాజా నమాజు, అంటే అంత్యక్రియల ప్రార్థన, చదవాలా వద్దా అన్నదే తేడా. నాగావళి అన్నా, పేరు పెట్టడం పిచ్చి పని అని మీతో ఎవరైనా అంటే నమ్మకండి.

బొబ్బిలి వకీలు

చట్టం సంగతి అడిగారు. మన దేశంలో ఏ చట్టమూ "ఫలానా రోజు నుంచి మనిషి" అని చెప్పదు. ఒక్కో చట్టం తన పనికి కావలసినంత వరకే చూస్తుంది, అందుకే ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తుంది.

ఆస్తి విషయంలో చట్టం ఎంతో ముందుకు వెళుతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ ఆ తరువాత సజీవంగా పుడితే, ముందే పుట్టిన బిడ్డతో సమానంగా వాటా వస్తుంది. ఇక్కడ కీలకం "సజీవంగా పుడితే" అన్న షరతు. హత్య విషయంలో చట్టం వెనక్కి తగ్గుతుంది. కడుపులో ఉండగా బిడ్డను చంపడం నరహత్య కాదు, వేరే నేరం. కానీ బిడ్డ శరీరంలో ఏ భాగమైనా బయటికి వచ్చాక చంపితే, ఊపిరి పీల్చకపోయినా, పూర్తిగా పుట్టకపోయినా, అది నరహత్య కావచ్చు. పాత శిక్షాస్మృతిలో ఉన్న ఈ వివరణ ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. గర్భం పోగొట్టిన నేరానికి మూడేళ్ల వరకు శిక్ష, గర్భంలో కదలిక వచ్చాక అయితే ఏడేళ్ల వరకు. కదలిక దగ్గర శిక్ష పెరగడం పాత ఇంగ్లీషు న్యాయం నుంచి వచ్చినా, మన అమ్మమ్మలకు కొత్త మాటేమీ కాదు.

ఆ నేరానికి మినహాయింపుగా వచ్చిందే 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలకు 24 వారాల వరకు, ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో. పిండంలో తీవ్రమైన లోపముంటే వైద్యమండలి ఒప్పుకుంటే ఆపైన కూడా. తల్లి ప్రాణం కాపాడడానికి తక్షణం అవసరమైతే ఈ హద్దులు అడ్డురావు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 24 వారాల వెసులుబాటు పెళ్లికాని స్త్రీలకూ వర్తిస్తుందని చెప్పింది. 2023 అక్టోబరులో మాత్రం 26 వారాల గర్భంతో వచ్చిన ఇద్దరు బిడ్డల తల్లికి అనుమతి నిరాకరించింది. ఆ వ్యాజ్యంలో ముందు ఇద్దరు న్యాయమూర్తులు అనుమతించి, బతికే అవకాశమున్న పిండం గుండె ఆపాలా అని వైద్యులు అడిగాక తమలో తాము విభేదించడంతో, అది చివరికి ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు వెళ్లింది. ఈ చర్చలో మనం పడుతున్న తికమకే వారం రోజుల్లో ఆ ధర్మాసనాలు పడ్డాయి.

28 వారాల సంగతి: అది మృతశిశు జననాన్ని నమోదు చేయడానికి పెట్టిన హద్దు, లెక్కలు రాసుకునే సౌకర్యం కోసం. ఊపిరి తీసుకుని గాని, ప్రాణ లక్షణం చూపి గాని పుట్టిన బిడ్డకు ఆ హద్దు వర్తించదు, ఎన్ని వారాలైనా అది జననమే. మీ బిడ్డ రిజిస్టరుకెక్కలేదు కాబట్టి చట్టం అతన్ని మనిషి కాదందని అనుకోవద్దు. చట్టం ఆ మాట ఎత్తనే లేదు.

పదవీ విరమణ చేసిన ఏఎన్ఎం (సీతంపేట)

అందరూ పెద్దవారు, చదువుకున్నవారు. నేను కొండల్లో ముప్పయ్యేళ్లు తిరిగినదాన్ని, నా చేతికి తెలిసింది రాస్తాను. మీరు 14 రోజులు, 24 వారాలు అని రాస్తుంటే నాకు కాస్త నవ్వు వచ్చింది. ఆఖరి బహిష్టు తేదీ అడిగితే, "కందికొత్తల పండుగకు ముందమ్మా" అనేవారు. పండుగ ఒక్కో ఊరిలో ఒక్కో రోజు. దాన్ని పట్టుకుని నేను కార్డులో వారాలు వేసేదాన్ని, ఆ అంకె ఆ తరువాత చట్టమైపోయేది. స్కాను ఆలస్యంగా తీస్తే దానిలోనూ రెండు వారాలు అటూ ఇటూ. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో వెన్నెముక సరిగ్గా లేదని తెలిసి, కొండ దిగి, పట్నం వెళ్లి, పెద్ద డాక్టరు అపాయింట్‌మెంటు దొరికేసరికి 20 దాటి 24 దగ్గర పడేది. ఆ తల్లిని, "ఎప్పటి నుంచి మనిషి?" అని నేనెప్పుడూ అడగలేదు. "నువ్వు ఏమనుకుంటున్నావు?" అని అడిగేదాన్ని. అత్త, మగడు, గది నిండా జనం ఉంటే ఆ ప్రశ్న కూడా అడగనిచ్చేవారు కాదు.

ఇంకొకటి. ఆడపిల్ల అని ఎలాగో తెలుసుకుని కడుపు తీయించిన ఇళ్లకు కూడా నేను వెళ్లాను. పిండంలో ప్రాణముందని గట్టిగా వాదించే పెద్దమనుషులు ఆ ఇళ్లలో నోరెత్తడం నేను చూడలేదు.

మన భాషలో నెల తప్పిన మర్నాడే, "ఆమె వట్టి మనిషి కాదు" అంటాం. లోపల ఇంకో మనిషి ఉందని అనం, ఉన్న మనిషే వట్టిది కాదంటాం. నాగావళి బాబూ, మీ ఆవిడ ఐదు నెలలు వట్టి మనిషి కాదు. ఇప్పుడు వట్టి మనిషి అయింది. ముందు ఆమెను చూసుకో.

జీవశాస్త్రం మాస్టారు (ఆమదాలవలస)

అమ్మా, మీ "వట్టి మనిషి కాదు" దగ్గర ఆగిపోయాను. నేను ఎంతసేపూ పిండాన్ని తల్లి నుంచి విడదీసి, గాజుపళ్లెంలో పెట్టినట్టు చూశాను. నా 14 రోజుల గీత కూడా గాజుపళ్లెం కోసం పుట్టినదే. అరటి పిలక వాదనకు సరైన జవాబు కూడా నా దగ్గర లేదు. ఒకటే అంటాను: పిలక రాకముందు చెట్టు ఒకటే, నిజమే, కానీ ఆ చెట్టుకు ఆకులూ వేరూ ఉన్నాయి. మొదటి వారం పిండంలో బిడ్డ కాబోయే కణాలేవో, మాయ కాబోయే కణాలేవో విడిపోవడం అప్పుడప్పుడే మొదలవుతుంది.

జీడితోట (పలాస)

ఆకులు విప్పని పిలక కూడా అరటిదే కదా మాస్టారూ. మనిద్దరం దీని మీద ఏకీభవించం, పరవాలేదు. ఆడపిండాల గురించి ఏఎన్ఎం అమ్మగారు అన్న మాట మాత్రం మా సంఘం పెద్దలకు చదివి వినిపిస్తాను.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారాలు. అన్నీ రెండుసార్లు చదివాను, నా భార్యకూ చదివి వినిపించాను. మాస్టారి లెక్కలు ఆమె మౌనంగా విన్నది, నొప్పి గురించి డాక్టరుగారు రాసింది మళ్లీ చదవమన్నది. పాతం అన్న మాట విని, "పడిపోయాడు, అంతే కదా" అన్నది. పేరు ఆమె ముందే అనుకున్నదట, నాకు ఇప్పుడే చెప్పింది. ఇక్కడ రాయవద్దన్నది.

ఆ రోజు నేను బిడ్డను ఆసుపత్రిలో వదిలేయలేదు. మా అత్తగారి ఊరిలో కొబ్బరితోట గట్టున పాతిపెట్టాము. మామగారే గొయ్యి తవ్వారు, మైల లేదన్న మనిషే మూడు రోజులు గడ్డం తీసుకోలేదు. అది ఇప్పుడు గుర్తుకొస్తోంది.

డాక్టరుగారిని ఒకటి అడగాలి. నిన్న పరీక్షకు వెళితే, "ఎంతమంది పిల్లలు?" అని అడిగారు. ఆమె జవాబు చెప్పలేక నా వైపు చూసింది. ఇంకోసారి గర్భం వస్తే కార్డులో వీడిని ఎక్కడ రాస్తారు?

స్త్రీవైద్యురాలు (విజయనగరం)

మా కార్డులో వేర్వేరు గళ్లు ఉంటాయి. ఎన్నో గర్భం అన్న గడిలో అతను లెక్కకు వస్తాడు. ఎన్ని కాన్పులు అన్న గడిలో బయట బతికే దశ దాటినవే వేస్తాము కాబట్టి అక్కడ రాడు. పోయిన గర్భాల గడిలో మళ్లీ ఉంటాడు. ఈసారి వస్తే అది మూడో గర్భం అని చెప్పండి, రెండోదని చెప్పవద్దు. మొహమాటపడి దాచేవాళ్లు చాలామంది ఉన్నారు, దానివల్ల నష్టం తల్లికే.

గర్భసంచి మూతి బిగువు లేక ఇలా జరిగి ఉంటే, మళ్లీ గర్భం నిలిచిన వెంటనే చూపించుకోవాలి. అవసరమైతే 12 నుంచి 14 వారాల మధ్య మూతికి కుట్టు వేస్తాము, ఆ తరువాత స్కాన్‌లో మూతి పొడవు చూస్తూ ఉంటాము. ఆసుపత్రి కాగితాలు, ఆఖరి స్కాన్ రిపోర్టు పారేయకండి, వాటి మీద తేదీ, వారాలు కనిపించేలా ఉంచండి. వచ్చేటప్పుడు పాపను కూడా తీసుకురండి, ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడంలో నేనూ సాయం చేస్తాను.